పంతొమ్మిది మార్కులు

సోమవారం పొద్దున్నే మూడో అంతస్తు మిషనమ్మ మెట్లన్నీ దిగి వచ్చి, చేతిలో కవరు బల్ల మీద పెట్టి, కాసేపు ఆయాసం తీర్చుకుని, "చదివి పెట్టమ్మాయ్. నాకు సాయానికి మనిషిని ఇచ్చినట్టున్నారు," అంది. ముఖం చేటంత చేసుకుని కుర్చీలో కూర్చుంది.

బల్ల వెనకున్న సంక్షేమ కార్యకర్తకి నలభై నాలుగేళ్ళు. కణతల దగ్గర తెల్లబడ్డ జుట్టును దాచుకోవడం కూడా మానేసింది. అయినా ఆ తక్కువ అద్దె ఇళ్ళ సముదాయంలో రెండు వందల పది ఇళ్ళ వాళ్ళకీ ఆవిడ కిందమ్మాయే. గది కింద ఉంది కాబట్టి కిందమ్మాయి, అంతే. ఎవరికి ఉత్తరం వచ్చినా చదివి పెట్టాలి, అర్జీలు నింపాలి, ఆస్పత్రికి ఫోన్ చేసి తేదీ తీసుకోవాలి, గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు పోట్లాడుకుంటే మధ్యలో నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినాలి. కారే కుళాయిలూ, ఆగిపోయే లిఫ్టూ పక్క గదిలో ఉన్న మేనేజరు పని. అయినా జనం ఆయన గుమ్మం దాటుకుని ఇక్కడికే వస్తారు. ఆయన వినడు, ఈవిడ వింటుంది.

కిందమ్మాయి కవరు చించి చదివింది. మనిషిని ఇస్తున్నామని కాదు ఆ ఉత్తరం. అవసరాల పత్రంలో ఇరవై రెండు మార్కులు వచ్చినందువల్ల మూడు వందల ఏడో ఇంట్లో ఉంటున్నావిడ ఒంటరిగా ఉండటానికి తగదని భావిస్తున్నాం, గురువారం పదకొండు గంటలకు అధికారి వచ్చి మళ్ళీ పరీక్షిస్తారు, అప్పుడూ అదే తేలితే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయించి వృద్ధుల వసతికి మారుస్తాం అని ఉంది. దాని కింద కారణాలు. 'పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతుంది. స్నానాల గదిలో పడుతూ ఉంటుంది. పక్క తడుపుతుంది. ఏ రోజు ఏ వారమో చెప్పలేదు.' మహానుభావులు ఒక్క అక్షరం మార్చలేదు. అవన్నీ ఆరు వారాల కిందట కిందమ్మాయి తన చేత్తో రాసినవే.

"ఏమంటారు?" అని అడిగింది మిషనమ్మ. ఆవిడకి అద్దాలు పెట్టుకున్నా సన్న అక్షరాలు ఆనవు.

గురువారం ఎవరో చూడటానికి వస్తారట అని మాత్రం చెప్పింది కిందమ్మాయి. మనిషిని పంపేముందు ఇల్లు చూసుకుంటారు కాబోలు అని మిషనమ్మే సర్దుకుంది. అవునని తలూపింది ఈవిడ. ఆ ఒక్క తల ఊపుడుతో సగం పాపం నెత్తికెక్కింది. ఉత్తరం ఇక్కడే ఉంచుతానంటే మిషనమ్మ ఒప్పుకోలేదు, తన కాగితాలన్నీ మిషను సొరుగులోనే ఉంటాయి, అక్కడే ఉండాలి అని నాలుగు మడతలు పెట్టి తీసుకుపోయింది. గట్టిగా పట్టుబడితే అనుమానం వస్తుందని కిందమ్మాయి వదిలేసింది.

ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే సీనియర్లు చెవిన వేసే మాట ఒకటుంది. పత్రంలో మామూలు రోజు రాయకు, చెడ్డరోజు రాయి. పది ప్రశ్నలు, ప్రశ్నకి మూడు మార్కులు. తనంతట తను చేసుకోగలిగితే సున్నా, బొత్తిగా చేతకాకపోతే మూడు. పద్దెనిమిది వస్తేనే పొద్దున్న రెండు గంటలు సాయం చేసే మనిషిని పంపుతారు. పైనున్న కమిటీ ఎవరి పత్రమైనా సరే కళ్ళు మూసుకుని ఓ నాలుగు మార్కులు కోస్తుంది. అందుకని అందరూ గోరంతను కొండంత చేసి రాస్తారు. అందరూ రాస్తారు కాబట్టి అది అబద్ధమని ఎవరికీ తట్టదు. మిషనమ్మ ఒకసారి పాలు పొంగించింది, ఒకసారి కుళాయి పట్టుకుని జారింది, జ్వరంలో ఒక రాత్రి పక్క తడిసింది. పోయిన చలికాలం ఓ ఆదివారం సోమవారమనుకుని కిందమ్మాయి గదికి వచ్చింది. కిందమ్మాయి వాటిని రోజూ జరిగేవాటిలా రాసి, మన మనిషే కదా అని ఇంకో నాలుగు కలిపి, ఇరవై రెండు వేసింది. ఈ ఏడాది కమిటీ ఒక్క మార్కు కూడా కోయలేదు.

మేనేజరు చెడ్డవాడేం కాదు, కాకపోతే తప్పు తనది కాదని తేలితే చాలు, కడుపు నిండినట్టుంటుంది. కిందమ్మాయి వెళ్ళి అడిగితే కంప్యూటరు తెర ఇటు తిప్పి చూపించాడు. సాయం ఇచ్చే ఆఫీసూ, ఇళ్ళు ఇచ్చే ఆఫీసూ ఈ ఏడాది నుంచీ ఒకటే కంప్యూటరులో చూస్తున్నాయట. ఒంటరిగా ఉన్నవాళ్ళకి ఇరవై దాటితే ఉత్తరం దానంతటదే వెళ్ళిపోతుందట.

"నేను సంతకం కూడా పెట్టలేదు మేడమ్. ఇరవై రెండు వేసింది నేనా, మీరా?" అన్నాడు.

కిందమ్మాయి తన గదిలోకి వచ్చి తలుపేసుకుని సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది. ఆవిడ పాతిక పత్రాలు ఒంటిచేత్తో దిద్దే మనిషి, ముప్పై ఏళ్ళ సర్వీసు. అంతా విన్నది. తప్పు రాశానని కాగితం మీద పెడతాను, నా ఉద్యోగం పోతే పోనీ, అంది కిందమ్మాయి.

"పెట్టు. నీ ఉద్యోగం ఒక్కటే అయితే నేనే పెట్టమందును. నువ్వు రాసిన అరవై పత్రాలూ తిరగతోడతారు. మొదటి అంతస్తు పెయింటరుకి రెండు పూటలా వచ్చే మనిషిని ఆపేస్తారు. వాళ్ళావిడ ఒక్కతే ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టగలదా? నీ మనసు తేలికవుతుంది, ఆవిడ నడుం విరుగుతుంది."

నిచ్చెన మీంచి పడి మూడేళ్ళుగా మంచంలో ఉన్న పెయింటరుకి ఇరవై ఆరు వేసింది కిందమ్మాయే. భార్య తోడుంది కాబట్టి ఇరవై దాటినా ఆయనకి ఉత్తరం రాలేదు. ఇంట్లో మనిషి చేసిపెట్టే పనులకి మార్కులు వేయకూడదు కాబట్టి, నిజంగా లెక్కిస్తే పదిహేను కూడా రావు. ఫోన్ పెట్టేసి బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చుంది. ఎటు తిరిగినా గోడే. ఇక మిగిలింది ఒకటే దారి. గురువారం నాడు మిషనమ్మకి ఇరవై దాటకూడదు, దాటితే ఇల్లు పోతుంది. పద్దెనిమిదికి తగ్గకూడదు, తగ్గితే మనిషి రాదు. మధ్యలో పంతొమ్మిది తెప్పించాలి.

మంగళవారం మధ్యాహ్నం మూడో అంతస్తుకి ఎక్కింది. లిఫ్టు మామూలుగానే పనిచేయడం లేదు. మిషనమ్మ కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని బడిపిల్లల ప్యాంట్ల అంచులు మడిచి కుడుతోంది. ఒకప్పుడు యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్ళు చేసింది. ఇప్పుడు ఈ బ్లాకులో ఎవరి ప్యాంటు పొడవైనా, ఎవరి జిప్పు ఊడినా ఈ కిటికీ దగ్గరికే రావాలి. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు వాడదు. దారం కొస నాలిక మీద తడిపి, ఎడమచేతి బొటనవేలి గోటితో సూది కన్ను వెతికి పట్టుకుని, ఎటో చూస్తూ మాట్లాడుతూనే దూర్చేస్తుంది. ఈ ఇంటి కోసం ఆవిడ తొమ్మిదేళ్ళు ఎదురు చూసింది. వృద్ధుల వసతి ఎలా ఉంటుందో తెలియనిది కాదు, పాత స్నేహితురాల్ని చూడటానికి ఒకసారి వెళ్ళొచ్చింది. ఒక హాల్లో ఎనిమిది మంచాలు, మిషను పెట్టుకోనివ్వరు, చప్పుడట. పట్టపగలు కూడా అందరూ పడుకునే ఉన్నారమ్మాయ్ అని తిరిగొచ్చాక రెండు రోజులు అదే చెప్పింది.

కిందమ్మాయి పక్కన స్టూలు మీద కూర్చుని పాఠం మొదలెట్టింది. స్నానం నువ్వే చేసుకుంటావా అంటే చేసుకుంటానను. బకెట్టు ఎత్తగలవా అంటే ఎత్తలేనను. పొయ్యి వెలిగించగలవా అంటే వెలిగిస్తానను, కానీ ఎక్కువసేపు నిలబడి వండలేనను. మెట్లు దిగగలను, ఎక్కేటప్పుడు మాత్రం ఒకరు పట్టుకోవాలి. బజారుకి ఒక్కదాన్నే పోలేను.

"నిన్నే పోయొచ్చానుగా?"

"పోలేననాలి పెద్దమ్మా. మరీ బాగున్నావంటే మనిషిని ఇవ్వరు."

"మరి మరీ బాగాలేనంటే?"

కిందమ్మాయి, అంతదాకా ఎందుకులే అంది. మిషనమ్మ తొక్కుడు ఆపి, అద్దాల పైనుంచి ఒక చూపు చూసింది. తర్వాత నవ్వేసి, మొత్తానికి నన్ను సగం చచ్చినదానిలా కనిపించమంటావు, పైసగమా కిందిసగమా అదైనా చెప్పు అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే మళ్ళీ మొదటి ప్రశ్న నుంచీ వల్లె వేయించింది. మూడుసార్లూ బకెట్టు దగ్గర మిషనమ్మ తప్పింది. ఎత్తగలిగిన బకెట్టుని ఎత్తలేనని చెప్పడానికి ఆవిడకి నోరు రావడం లేదు.

బుధవారం పదింటికి వెళ్ళేసరికి వరండాలోనే మాడు వాసన తగిలింది. తలుపు తోసి పరుగున లోపలికి పోయి పొయ్యి ఆర్పింది. గిన్నె అడుగు నల్లగా బొగ్గయిపోయింది, పాలచుక్క లేదు. మిషనమ్మ కిటికీ దగ్గర మిషను తొక్కుతూనే ఉంది. వెనక ఇంత గొడవ జరుగుతుంటే తల తిప్పలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే సూదిలో దారం లేదు. ప్యాంటు కాలు పొడుగూతా వరసగా చిల్లులు, కుట్టు లేదు. ఆ కాలు అయిపోయి రెండో కాలు సగానికి వచ్చింది.

ఆ క్షణంలో కిందమ్మాయి మనసులోకి ముందుగా వచ్చిన మాట ఏమిటో తలుచుకుంటే తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది. అయితే నేను అబద్ధం రాయలేదన్నమాట అనిపించింది. ఎంత తేలిక! ఆ వెంటనే రేపు గురువారమని గుర్తొచ్చింది. రేపు కూడా ఇలాగే ఉంటే ఇరవై రెండు కాదు, పాతిక వస్తాయి.

మెల్లగా భుజం మీద చెయ్యి వేసి పెద్దమ్మా అని పిలిచింది. మిషనమ్మ ఉలిక్కిపడి, ప్యాంటు వైపు చూసి, చిల్లుల మీద వేలితో రాసింది. రీలు అయిపోయినట్టుంది, చూసుకోలేదు అంది. రీలు నిండుగానే ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు. కిందమ్మాయి గిన్నె తోమడానికి వంటగదిలోకి పోయింది. పీచు అరిగేదాకా తోమింది, నలుపు వదల్లేదు. కళ్ళ నీళ్ళు వచ్చాయి, కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది. తిరిగి వచ్చాక, రేపు పొయ్యి జోలికి పోకు, ఆ అధికారి వెళ్ళేదాకా నేను ఇక్కడే ఉంటాను అంది. మిషనమ్మ విని, ఆ ఉత్తరంలో నిజంగా ఏముంది అని అడిగింది. చెప్పాను కదా, చూడటానికి వస్తారు, అంతే, అని లేచి వచ్చేసింది కిందమ్మాయి. మెట్లు దిగుతుంటే ఎదురింటి బస్సు డ్రైవరు డ్యూటీ దిగి పైకి వస్తున్నాడు. పలకరించాడు. ఆయన ఆ ఉత్తరాన్ని తనకంటే మంచి గొంతుతో చదవగలడని అప్పుడు ఆలోచించలేదు. పెద్ద తప్పే అది.

గురువారం పదిన్నరకే పైకి వెళ్ళింది. తలుపు తీసిన మిషనమ్మని చూసి ప్రాణం లేచొచ్చింది. తల దువ్వుకుంది, ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, మంచం మీద కొత్త దుప్పటి. గది తుడిచి అద్దంలా ఉంది. కళ్ళు తేటగా ఉన్నాయి. మంచిరోజే, అదృష్టం, అనుకుంది కిందమ్మాయి.

"కూర్చోండి మేడమ్," అంది మిషనమ్మ.

ఆరేళ్ళలో ఆ నోట ఎన్నడూ మేడమ్ రాలేదు, మీరు అన్నది అంతకన్నా రాలేదు. అధికారి ముందు మర్యాదలకి సాధన కాబోలు అనుకుని నవ్వింది. మిషనమ్మ నవ్వలేదు. బకెట్టు సంగతి గుర్తుందా అని అడిగితే, గుర్తుంది అని కిటికీ వైపు తిరిగి నిలబడింది.

అధికారి సరిగ్గా పదకొండింటికి వచ్చింది. చిన్నవయసు, మెత్తటి గొంతు, అట్ట మీద కాగితాలు. ముందు ఇవాళ ఏ వారం, ఏ తేదీ అని అడిగింది. మిషనమ్మ వారం చెప్పి, తేదీ చెప్పి, రేపు చెత్తబండి వచ్చే రోజని కూడా చెప్పింది. స్నానం? నేనే. బట్టలు? నేనే ఉతుక్కుంటాను. బకెట్టు ఎత్తగలరా అంటే మాట్లాడకుండా స్నానాల గదిలోకి పోయి, నిండు బకెట్టు మోసుకొచ్చి గది మధ్యలో పెట్టింది. చుక్క తొణకలేదు. కిందమ్మాయి కళ్ళతో సైగ చేసింది. ఆ వైపు చూస్తే కదా.

తర్వాత పాలు కాచింది. పొయ్యి ముందు నిటారుగా నిలబడి, పొంగుకి రాగానే దించి, పొయ్యి ఆర్పి, ఆర్పిందో లేదో రెండోసారి చూసుకుంది. సూదిలో దారం ఎటో చూస్తూ ఎక్కించింది. అధికారి ముచ్చటపడి నవ్వింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, పక్క తడవడం లాంటివి, అని సగంలో ఆగింది. మిషనమ్మ మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి ఒక్క లాగు లాగి, పరుపు ఎత్తి పట్టుకుని చూపించింది. కిందమ్మాయికి అప్పుడర్థమైంది. ఉత్తరం ఎవరో చదివి పెట్టారు. ఒక్క అక్షరం వదలకుండా చదివారు.

"ఆవిడకి రోజూ ఇలా ఉండదండీ," అంది ఉండబట్టలేక.

"రోజూ ఇలాగే ఉంటానండీ. మేడమ్‌గారికి నేనెలా కనిపించానో మరి నాకు తెలీదు," అంది మిషనమ్మ అధికారితోనే.

మెట్లు ఒక్కటే మిగిలింది. ఒక అంతస్తు దిగి ఎక్కితే చాలంది అధికారి. మిషనమ్మ మూడు అంతస్తులూ దిగింది. మూడూ ఎక్కింది. కమ్మీ పట్టుకోలేదు. వెనక నడుస్తున్న కిందమ్మాయికి ఆవిడ మెడ మీద కారుతున్న చెమట కనిపిస్తూనే ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరం. పడితే పట్టుకుందామని చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. పడలేదు. గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుని, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవంది అధికారి.

వరండాలోకి వచ్చాక అధికారి మార్కులు కూడింది. ఎనిమిది. ఇంటికి వచ్చిన భయమేమీ లేదు, హాయిగా ఉండొచ్చు, ఆవిడకి ఇంక మనిషి అవసరం కూడా లేదు కాబట్టి ఆ దరఖాస్తు కొట్టేస్తున్నాను అంది. ఆ తర్వాత కాగితం తిరగేసి పాత పత్రం చూసింది. మెత్తటి గొంతు మెత్తగానే ఉంది.

"ఆరు వారాల్లో పద్నాలుగు మార్కులు ఎలా తగ్గాయండీ? మీరు చూసి రాశారా, చూడకుండా రాశారా?"

చూసి రాశానంటే అబద్ధం రాసినట్టు, చూడలేదంటే పని ఎగ్గొట్టినట్టు. నిన్నటి గిన్నె తెచ్చి చూపిస్తే, చిల్లుల ప్యాంటు తెచ్చి చూపిస్తే? ఇల్లు పోతుంది. పంటి బిగువున ఊరుకుంది. అధికారి జవాబు కోసం కాసేపు చూసి, సరే, మీరు రాసిన పత్రాలన్నీ ఇవాళే చూస్తాను, కింద బయటికి తీసి పెట్టండి, మొదటి అంతస్తు నుంచి మొదలు పెడదాం అని చెప్పి దిగిపోయింది. మొదటి అంతస్తంటే ముందు పెయింటరే.

కిందికి పోవాలి. పోలేక మూడు వందల ఏడులోకి వెళ్ళింది. మిషనమ్మ ఆ కుర్చీలోనే ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు మోకాళ్ళూ రెండు చేతులతో నొక్కి పట్టుకుంది, అయినా అవి దడదడా కొట్టుకుంటున్నాయి. లేవబోయి, లేవలేక, మళ్ళీ కూలబడింది. కిందమ్మాయి ఒక్క అంగలో దగ్గరికి పోయి చంకల కింద చేతులు వేయబోయింది.

"ముట్టుకోకు."

ఆగిపోయింది. మీరు పోయి నువ్వు వచ్చింది, అదొక్కటే ఊరట. నీకు మనిషి రావాలనే రాశాను పెద్దమ్మా, చెడ్డగా రాస్తేనే ఇస్తారు, అందరికీ అలాగే రాస్తాం, అంది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా చూడలేదు. నిన్ను పంపించేస్తారని నాకు తెలీదు, నన్ను కొట్టు కావాలంటే, అంది. మిషనమ్మ అంతా విన్నది. కోపంగా వినలేదు, అలిసిపోయి వింది.

"ఎదురింటివాడు గట్టిగా చదివాడమ్మాయ్. తలుపు తీసే ఉంది. అందరూ విన్నారు," అంది.

"ముందు మంచం మీద పడుకో. తర్వాత తిట్టు. నేను పట్టుకుంటాను."

"వద్దు. నువ్వు బయటికి పో. చూస్తే మళ్ళీ రాస్తావు."

కిందమ్మాయి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. లోపల కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్న చప్పుడైంది. ఆగింది. మళ్ళీ గీసుకుంది. కుర్చీనే ఊతంగా పట్టుకుని మంచం దాకా జరుపుకుంటూ పోతున్నట్టుంది. గుమ్మానికీ మంచానికీ మధ్య ఎన్ని అడుగులో కిందమ్మాయికి తెలుసు, పత్రంలో ఆ ప్రశ్న కూడా ఉంది. కింద నుంచి మేనేజరు, అధికారి గారు ఎదురు చూస్తున్నారు, పెయింటరు పత్రం ఎక్కడుంది మేడమ్ అని పిలిచాడు. వస్తున్నానంది. లోపల కుర్చీ చప్పుడు మళ్ళీ ఆగింది, ఈసారి ఎంతసేపటికీ మొదలు కాలేదు. తలుపు మీద చెయ్యి వేసి, తోయకుండా, అలాగే నిలబడిపోయింది.